సంవత్సరాంత విన్నపము: మన పట్టీలో లేని తెలుగువారు



2025వ సంవత్సరము ముగియుచున్నది. క్రిస్మసు పండుగకు ముందుగా మీ చేతికందు చివరి సంచిక ఇదియే. ప్రతి యేడు ఈ సంచికలో గడచిన సంవత్సరపు మంచిచెడ్డలను ఒకమారు తిరుగవేసి, పాఠకులకు శుభాకాంక్షలు తెలుపుట నాకు వాడుక. వర్తకుల లెక్కల సంవత్సరము మార్చిలో ముగియును గాని, మనసులోని చిట్టాకు డిసెంబరే అనుకూలమైన మాసము. చింతపండు ఇంకను చెట్టుమీదనే యుండును. మండీలో బేరములు పలుచన. వ్రాయుటకు తీరిక దొరకును.

ఈ మారు ఆ శుభాకాంక్షల విషయముననే చిక్కు వచ్చినది. గత వారపు కార్యవర్గ సమావేశమున, క్రిస్మసు శుభాకాంక్షలను మొదటి పుటలో పెద్ద అక్షరములతో అచ్చు వేయవలెనని నేను కోరితిని. నాకు పితృసమానులైన ఒక పెద్దలు, "నాయనా, మనది భాషా సంఘము. మతములతో మనకేమి పని? పైగా మన సభ్యులలో క్రైస్తవులు ఒక్కరును లేరు గదా! ఎవరికి చెప్పెదవు ఈ శుభాకాంక్షలు?" అని అడిగిరి. సంక్రాంతికి, ఉగాదికి, వైకుంఠ ఏకాదశికి మనము అచ్చువేయుచున్న శుభాకాంక్షల మాట వారికి జ్ఞాపకము చేయవచ్చును. చేయలేదు. వారి రెండవ ప్రశ్న నన్ను పట్టుకొని విడువలేదు. మన సభ్యులలో క్రైస్తవులు ఎందుకు లేరు? ఊత్తంగరైలో తెలుగు మాటాడు క్రైస్తవులు లేరా? ఉన్నారు. వారి ఇండ్లు ఏ పేటలో నున్నవో మనకందరికి తెలియును. ఆ పేటలో క్రైస్తవులు కాని అరుంధతీయుల ఇండ్లును కలవు. వారును మన సభ్యులు కారు. కనుక ఇది మతమునకు సంబంధించిన సంగతి కాదని నాకు తోచినది.

జవాబు వెదకుటకు ముందు, ఈ యేడు ఈ పుటలో నేనేమి వ్రాసితినో పాత సంచికలు తీసి చూచుకొంటిని. ఫిబ్రవరి, మార్చి మాసములలో త్రిభాషా వివాదమును గూర్చి వరుసగా వ్రాసితిని. నూతన విద్యావిధానమునకు ఒప్పుకొననిదే సమగ్ర శిక్షా పథకపు నిధులు 2,152 కోట్ల రూపాయలు విడుదల కావని కేంద్రము పట్టుపట్టగా, ద్విభాషా విధానమును విడుచు ప్రసక్తి లేదని రాష్ట్రము ఎదురు నిలిచినది. ఇరువురి వాదములలోను తెలుగు పిల్లవాని మాట వినబడుట అరుదని నేను వాపోయితిని. అది నిజమే; ఇప్పటికిని నా అభిప్రాయము మారలేదు.

తరువాత 2006 నాటి తమిళ భాషాభ్యాస చట్టమును గూర్చి మరల వ్రాసితిని. ఆ చట్టము వచ్చినది మొదలు మన పిల్లలకు తమిళము మొదటి భాష, మాతృభాష ఐచ్ఛికము. 2023 ఫిబ్రవరి 6న సుప్రీం కోర్టు భాషా అల్పసంఖ్యాకుల పాఠశాలల విద్యార్థులకు పదవ తరగతి తమిళ పరీక్షనుండి మినహాయింపును ఒక సంవత్సరమునకు పొడిగించినది. ఏడాదికొకమారు పునరుద్ధరించుకొనవలసిన హక్కు కౌలు వంటిదని అప్పుడు వ్రాసితిని. ఆ మాటను పలువురు మెచ్చుకొనిరి.

జూన్ మాసమున తోతాపురి మామిడి ధర కిలోకు అయిదారు రూపాయలకు దిగజారినపుడు రెండు వారములు ఆ గోడు వ్రాసితిని. ఆంధ్ర ప్రభుత్వము తమ రైతులకు కిలోకు 4 రూపాయలు సహాయమిచ్చి, కర్మాగారముల ధరతో కలిపి 12 రూపాయలు గిట్టునట్లు చేసినది. చిత్తూరు జిల్లాలోనికి పరరాష్ట్రపు తోతాపురి రాకూడదని జూన్ 7న ఉత్తర్వు వెలువడినది. భాష ఒకటియేగాని బండి సరిహద్దు దాటదు. వారి రైతులను వారు కాపాడుకొనుట తప్పని అనలేను. సరిహద్దు కావలనున్న తెలుగువాడు తనకు తానే దిక్కని మాత్రము అప్పుడు మరల తెలిసినది.

ఇవి అన్నియు మనకు ఇతరులనుండి రావలసిన బాకీలు. ఏడాది పొడుగునను రావలసిన బాకీలనే వ్రాసితిని. మనము చెల్లింపవలసినది ఒకటి కలదు. దానిని గూర్చి ఒక్క వారమైనను వ్రాయలేదు. అది నాకు తెలియక కాదు. తెలిసి అప్పటికి సరిగా ఒక సంవత్సరము.

2024 డిసెంబరు ఆరంభమున ఫెంగల్ తుపాను మన ఊరిని ముంచిన సంగతి ఎవరును మరువలేదు. డిసెంబరు 2వ తేదీ ఉదయమునకు ముందటి 24 గంటలలో ఊత్తంగరైలో 50 సెంటీమీటర్ల వాన నమోదైనది. బస్సు నిలయము కడ నిలిపిన వాహనములు బొమ్మలవలె కొట్టుకొనిపోవుట దేశమంతయు చూచినది. నా కొట్టులోను నడుము లోతు నీరు వచ్చి రాగి బస్తాలు నానిపోయినవి. మన సంఘ మందిరము ఇంకను పల్లమున నున్నది గనుక బీరువా క్రింది అరలోని పాత పుస్తకములన్నియు తడిసి ముద్దలైనవి.

నీరు తీసిన మరునాడు మా మండీలో మూటలు మోయు ఒక కూలీ, తన పేటవారిని అయిదారుగురిని వెంటబెట్టుకొని వచ్చెను. వారి ఇండ్లలోనికి మనకంటె ముందుగానే నీరు వచ్చినది, అయినను వచ్చిరి. బస్తాల పని ముగిసిన పిదప, సంఘపు పుస్తకములను నా కొట్టు మేడమీదికి చేర్చి చాపలమీద ఆరవేయుడని చెప్పితిని. కొంతసేపటికి నేను పైకి పోయి చూడగా, ఆ మనిషి కాగితములు అంటుకొనకుండ ఒక్కొక్క పుటను విడదీయుచు, మెల్లగా పైకి చదువుచున్నాడు. అది 1950 ప్రాంతపు సభ్యుల పట్టీ. చేతివ్రాత; అందును పాత కాలపు గొలుసుకట్టు. ఆయన తడబడక చదువుచున్నాడు.

"ఇది మీ తాతగారి పేరు గదా సామీ?" అని చూపించెను.

"నీకు తెలుగు సదవను వస్తుందా?" అని అడిగితిని.

"మాయమ్మ నేర్పింది సామీ. బైబులు పెట్టుకొని నేర్పింది. బడికి పంపేదానికి ఆమె సేత కాలేదు."

పాఠకులారా, నా కుమారుడు ఇంజనీరింగు చదివినవాడు. మన మందిరము మీది పేరును వాడు చదువలేడు. మీ ఇండ్లలో ఎందరు పిల్లలు చదువగలరో మీకే తెలియును. తెలుగు అంతరించుచున్నదని వేదికలెక్కి నేను కన్నీరు పెట్టుచుండగా, మా మండీలో ఇరువది యేండ్లుగా మూటలు మోయుచున్న మనిషికి మన తాతల గొలుసుకట్టు వ్రాత చదువవచ్చునని నాకు తెలియదు. అడుగవలెనని తోచలేదు. ఆయన నాకంటె పదేండ్లు పెద్ద. నేను "నువ్వు" అందును; ఆయన "సామీ" అనును.

ఆ దినమున ఆయన ఇంకొక మాట అడిగెను. అందులో నిష్ఠూరము లేదు. పుస్తకములు వేరువేరుగా నుండునని నిజముగా అనుకొని అడిగిన మాట. "మా పేటోళ్ళ పేర్లు ఏ పుస్తకంలో ఉండాయి సామీ?"

నేను ఏదో పని యున్నట్లు క్రిందికి దిగివచ్చితిని.

ఏ పుస్తకములోను లేవు. కాని వారి సంఖ్య మాత్రము మన విన్నపములలో కలదు. ప్రభుత్వమునకు తెలుగు ఉపాధ్యాయుడు కావలెనని అర్జీ పెట్టినపుడెల్ల తాలూకాలో తెలుగు మాటాడు కుటుంబముల లెక్క చూపితిమి. ఆ లెక్కలో ఆ పేటను చేర్చితిమి. చేర్చనిదే లెక్క నిండదు. లెక్కకు పనికివచ్చినవారు పట్టీకి పనికిరాలేదు. వర్తకములో దీనికి పేరు కలదు, ఇచట వ్రాయను.

ఇంకొక సంగతి. 2024 నవంబరులో చెన్నపురి సభలో ఒక నటి తెలుగువారి పూర్వులను గూర్చి, రాజుల అంతఃపుర స్త్రీలకు ఊడిగము చేయ వచ్చినవారని అర్థము వచ్చునట్లు మాటాడినది. రాష్ట్రమంతట తెలుగువారు భగ్గుమనిరి; మనమును వారము తిరుగక మునుపే సభ చేసి ఖండన తీర్మానము చేసితిమి. ఆ తీర్మానమును వ్రాసినది నేనే. సరి. 2023 ఫిబ్రవరిలో ఈరోడు తూర్పు ఉప ఎన్నిక ప్రచారములో ఒక పార్టీ నాయకుడు అరుంధతీయులను గూర్చి అటువంటి మాటయే అనెను. విజయనగర రాజుల కాలమున పాకీ పనికి తేబడినవారని, వలసవచ్చినవారని అనెను. పోలీసు కేసు నమోదైనది. అప్పుడు మనము సభ చేసితిమా? తీర్మానము చేసితిమా? ఆ వారపు సంచిక తీసి చూచితిని. మొదటి పుటలో మందిరమునకు సున్నము కొట్టించిన వార్త యున్నది.

ఇద్దరును అనినది ఒక్క మాటయే: మీరు తెలుగువారు, కనుక ఈ నేలవారు కారు. ఒకరు మనలను అనినపుడు మనకు మండినది. వేరొకరు వారిని అనినపుడు అది వారి తంటా అనుకొంటిమి.

నిజమునకు ఆ తంటా వారికి మనకంటె బరువైనది. మనలను "వచ్చినవారు" అనిన మన గౌరవము మాత్రమే నొచ్చును. వారిని ఆ మాట అనువారు వారి నోటికాడి కూటిని చూపి అనుచున్నారు. షెడ్యూల్డు కులములకున్న 18 శాతములో అరుంధతీయులకు 3 శాతము ప్రత్యేకించుచు 2009లో ఈ రాష్ట్రమున చట్టమైనది. ఆ చట్టములోని ఏడు కులముల పేర్లు చూడుడు: మాదిగ, ఆది ఆంధ్ర అను పేర్లు అందులో కలవు. వేరే సాక్ష్యమెందుకు? 2024 ఆగస్టు 1న సుప్రీం కోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనము, ఆరుగురి మెజారిటీతో, ఇట్టి వర్గీకరణ చెల్లునని తీర్పు చెప్పినది. అంతకాలము ఆ 3 శాతము గాలిలో దీపము. తెలుగు అను ముద్ర పడిన ఆ దీపము ఆరునేమో యను భయముతో వారి యువకులు పలువురు తమ మాతృభాష తమిళమని చెప్పుకొనుచున్నచో, వారిని తప్పుపట్టుటకు మనకు నోరు లేదు. తెలుగువారమని చెప్పుకొనినందువలన వారికి తెలుగు సంఘమునుండి లభించినది ఏమున్నది గనుక?

క్రైస్తవులైనవారి స్థితి మరియొక విధము. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు, తరువాతి సవరణలతో, హిందువులను, సిక్కులను, బౌద్ధులను మాత్రమే షెడ్యూల్డు కులములవారుగా అంగీకరించుచున్నది. చర్చికి పోవు కుటుంబమునకు ఆ మెట్టు లేదు. ఈ విషయమును విచారించుటకు 2022 అక్టోబరులో మాజీ ప్రధాన న్యాయమూర్తి కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన ఒక విచారణ సంఘమును కేంద్రము నియమించినది. ఈ కారణముచేతనే కొన్ని ఇండ్లలో క్రిస్మసు నక్షత్రము వీథివైపున వ్రేలాడదు, పెరటివైపున వ్రేలాడును. మన పెద్దలు "క్రైస్తవులెవరున్నారు?" అని అడుగుట ఆశ్చర్యము కాదు.

క్రైస్తవము తెలుగునకు పరాయిది యనువారికి ఒక మాట. బెంజమిన్ షుల్జ్ అను జర్మను పాదరి 1726లో చెన్నపట్టణము చేరి, తెలుగు నేర్చి, బైబిలును తెనిగించెను, అప్పటికి సి.పి. బ్రౌను పుట్టనేలేదు. గుఱ్ఱం జాషువ 'క్రీస్తు చరిత్ర'కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి లభించినది. ఆ కవి పేరు చెప్పి మనము మురిసిపోదుము. ఆయన మన ఊరిలో పుట్టియున్న ఎడల ఏ పేటలో పుట్టియుండును? మన పట్టీలో పేరుండునా?

ఇక డిసెంబరు 15. ఆ దినమును మనము మానక జరుపుచున్నాము. 1952 అక్టోబరు 19న మైలాపూరులో బులుసు సాంబమూర్తిగారి ఇంట దీక్ష పూని, 58 దినములు ఉపవసించి, డిసెంబరు 15 రాత్రి ప్రాణము విడిచిన పొట్టి శ్రీరాములుగారి పటమునకు దండ వేయుదుము. వర్తక కుటుంబమున పుట్టినవారు గనుక మా బజారువారికి మరి కొంచెము గర్వము. ఈ యేడు ఉపన్యాసము నావంతు. చెప్పవలసినది వెదకుచు ఆయన జీవితమును మరల చదివితిని. ఆ చివరి దీక్షకు ఆరేండ్లు ముందు, 1946 మార్చిలో, నెల్లూరు మూలపేట వేణుగోపాలస్వామి ఆలయములోనికి, నాటి మాటలో హరిజనులను, ప్రవేశింపనీయవలెనని ఆయన నిరాహార దీక్ష చేసెను. తరువాతి యేండ్లలో హరిజనోద్ధరణము కోరు అట్టలు ధరించి, చెప్పులు లేని కాళ్ళతో ఎండలో నెల్లూరు వీథులు తిరుగుచుండగా, జనులు పిచ్చివాడనిరి. భాషకొరకు చేసిన దీక్షకు మనము దండ వేయుచున్నాము. ఈ దీక్షను ఒక్క యేడును తలచినట్లు నాకు జ్ఞాపకము లేదు. ఈ 15న నేను ఆ సంగతి చెప్పితిని. సభ నిశ్శబ్దముగా నుండెను. పిమ్మట ఎప్పటివలె ఉప్మా, కాఫీ.

ఇదంతయు ఇప్పుడెందుకని అడుగుదురు. జనాభా లెక్కలు వచ్చుచున్నవి. 2025 జూన్ 16న వెలువడిన ప్రకటన ప్రకారము 2027 మార్చి 1వ తేదీని ప్రమాణముగా గొని లెక్క జరుగవలెను. కులమును కూడ వ్రాయుదురు. 2011 లెక్కలలో తమిళనాడున తెలుగు మాతృభాషగా గలవారు 42 లక్షల 34 వేలు, నూటికి 5.87. మన కృష్ణగిరి జిల్లాలో తమిళము తరువాత అధికముగా మాటాడు భాష తెలుగే. ఆ బలము చేతనే మనకు కొంత మాట చెల్లుచున్నది. 2024 జూన్‌లో మన లోకసభ సభ్యులు కె. గోపీనాథ్ తెలుగులో ప్రమాణ స్వీకారము చేయగలిగిరి. ఆ సాయంకాలము మనము మిఠాయి పంచితిమి. లెక్క వ్రాయువారు వచ్చినపుడు మాతృభాష గడిలో తెలుగని చెప్పుడని వచ్చు యేడంతయు మనము ఇల్లిల్లు తిరుగవలసియున్నది. ఆ పేటకును పోవలసియున్నది. ఏ ముఖముతో పోవుదుము? లెక్కకు ముందు మాసమున మాత్రము పోయి, "మనమందరము తెలుగువారము" అని చెప్పుదుమా? వారు మర్యాదస్థులు, నవ్వరు. నాకు మాత్రము ఆ మాట నోట రాదు.

కావున కార్యవర్గము ముందు ఒక ప్రతిపాదన పెట్టితిని. ఆ పేటలోని ప్రతి తెలుగు కుటుంబమును, ఏ మతమైనను, సభ్యత్వమునకు మనమే పోయి ఆహ్వానింపవలెను. చందా అందరికి ఒక్కటే. వారికి తక్కువ చేయుట దయగాని గౌరవము కాదు. ప్రతి ఆదివారము సాయంకాలము మందిరములో మన పిల్లలకు తెలుగు అక్షరములు నేర్పుటకు, నేను పైన చెప్పిన ఆ పెద్దమనిషినే ఉపాధ్యాయులుగా నియమింపవలెను. నేను అడిగితిని, మొదట నమ్మలేదు, తరువాత ఒప్పుకొనిరి. తరగతి మందిరపు ముందు చావడిలో జరుగవలెను. "వెనుక వసారాలో పెట్టుకొనరాదా, గాలి బాగుగా వచ్చును" అని ఒకరు సూచించిరి. గాలిని గూర్చి వారికంత శ్రద్ధ మునుపెన్నడు నేను చూడలేదు. మా ఇంటి ఆడవారు కూడ తొలుత సందేహించిరని దాచక చెప్పుచున్నాను. పిల్లలు కూలివాని కడ చదువుట యేమని మా అమ్మ అడిగినది. "నీ మనుమనికి నీ ఉత్తరము చదువ వచ్చునా?" అనగా ఊరకుండెను. ఒప్పుకొన్నట్లు కాదు.

జనవరి 4వ తేదీ ఆదివారము కార్యవర్గము దీనిపై ఓటు వేయును. నెగ్గునో లేదో చెప్పలేను. నా లెక్కకు ఇరువైపుల సమానముగా నున్నారు. ఓడిన ఎడల కార్యదర్శి పదవిలో నేను కొనసాగను. ఇది బెదిరింపు కాదు. ఆ పట్టీని ఇంకొక యేడు నా చేతితో వ్రాయలేను, అంతియే. సభ్యులు తమ అభిప్రాయమును, అనుకూలమైనను ప్రతికూలమైనను, ఈలోపల వ్రాసి పంపవలెనని ప్రార్థన. ప్రతికూలమైనవానిని కూడ అచ్చు వేయింతును.

డిసెంబరు 25 గురువారము. ఆ పేటలోని ప్రార్థన పది గంటలకు ముగియునని తెలిసినది. నేను పదిన్నరకు అరటిపండ్లు, కలకండ తీసుకొని పోవుచున్నాను. రాగలవారు నా కొట్టుకడకు పది గంటలకు రావచ్చును. ఎవరును రాకున్నను పోయెదను. ఆ ఇంట నన్ను "సామీ" అని పిలువవలదని, నేనును ఇకమీదట "మీరు" అందునని చెప్పవలెననుకొనుచున్నాను. ఇరువది యేండ్ల వాడుక గనుక ఇద్దరికిని నోరు తిరుగుటకు కొంత కాలము పట్టును.

ఊత్తంగరైలోను, సింగారపేట, బర్గూరు, కృష్ణగిరి, హోసూరు ప్రాంతములలోను నివసించు తెలుగు క్రైస్తవ కుటుంబములకు మా హృదయపూర్వక క్రిస్మసు శుభాకాంక్షలు. తక్కిన పాఠకులందరికిని నూతన సంవత్సర శుభాకాంక్షలు. ఈ పత్రిక ఇంతవరకు ఆ పేటకు పోయినది కాదు. ఈ వారము ఇరువది ప్రతులు అదనముగా అచ్చు వేయించితిని. ఆ ఖర్చు సంఘపు ఖాతాలో వ్రాయలేదు.